ఇరవైనాలుగు పళ్ళ చక్రం

ఆ వేసవి దాకా మా ఇంట్లో మామగారూ నేనూ ఒక మాట అనుకోవాలంటే మూడో మనిషి కావాల్సి వచ్చేది. కోడలు మామగారి ముందు నోరు విప్పకూడదు, మామగారు కోడల్ని పేరు పెట్టి పిలవకూడదు. మధ్యలో మా అత్తగారు గంగమ్మ ఉండేది. ఆయన గోడకేసి చూస్తూ "మంచినీళ్ళు ఇమ్మను" అనేవాడు. ఆమె నాకేసి తిరిగి "మంచినీళ్ళంట" అనేది. నేను ఆయనకు నాలుగడుగుల దూరంలోనే ఉండేదాన్ని, చెవులు నాకూ ఉన్నాయి. అయినా ఆమె చెప్పేదాకా కదలకూడదు. అదీ మర్యాద.

జర్మనీ యుద్ధం జరుగుతున్న రోజులవి. నలభైనాలుగో సంవత్సరం. మాది రెంటచింతల, మాది కంచరి పని. చెంబులు, గంటలు, దీపపు సెమ్మెలు పోసే ఇల్లు. మా ఆయన కొండలాచారి పట్టాళంలో లారీలు బాగుచేసే పనికి పోయి రెండేళ్ళయింది. మామగారు గురునాథాచారికి కళ్ళకు పొర కమ్మింది. ఎదురుగా మనిషి నిలబడితే ఆకారం తెలిసేది గానీ మొహం తెలిసేది కాదు. బజారులో రాగి లేదు, తుత్తునాగం లేదు, ఉన్నదంతా యుద్ధానికే పోతోందనేవాళ్ళు. మా కొలిమిలో బూడిద గట్టిపడి పక్కింటి కోడిపెట్ట అందులో గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది.

ఉగాది వెళ్ళిన వారానికి మామగారు నరసరావుపేటలో ఉన్న తమ్ముడి కొడుకు బాబూరావుకు కార్డు రాయించాడు. వైశాఖ అమావాస్య వెళ్ళిన మర్నాడు వచ్చి పనిముట్లన్నీ పట్టుకుపొమ్మని. అమావాస్యనాడు మా వాళ్ళు పనిముట్టు తాకరు కాబట్టి ఆ మర్నాడు.

నాకు అన్నం సయించలేదు. మా ఆయన యుద్ధం నుంచి తిరిగొచ్చి దేని ముందు కూర్చుంటాడు? పనిముట్లు లేని కంచరి ఇల్లు ఏ ఇల్లని? ఆ మాటే అత్తగారితో అడిగించాను.

"తిరిగొస్తే గదా" అన్నాడు మామగారు గోడతో.

ఆ ఒక్క మాటా మా అత్తగారు నాకు చేరవెయ్యలేదు.

చైత్రం చివర ఒక మధ్యాహ్నం ఆరోగ్యస్వామి కుంటుకుంటూ వచ్చాడు. రెంటచింతల ఎండ తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, ఆ వేళప్పుడు కాకి కూడా బయట ఉండదు. ఆయన చర్చి వీధి మనిషి. రైలు కట్ట వేసేటప్పుడు ఒక దొర దగ్గర పనిచేస్తుంటే బండరాయి దొర్లి పాదం మీద పడింది. ఆ దొర సీమకు పోతూ తన గాలం ఆయన చేతిలో పెట్టి పోయాడు.

"ఏందయ్యా ఆరోగ్యం, చర్చి గంట బద్దలయిందా?" అంది అత్తగారు.

"గంట కాదమ్మా. నా బతుకు బద్దలయింది" అంటూ గుడ్డ మూట విప్పాడు.

అరచేతి అంత ఇత్తడి డబ్బా. దానికొక పిడి, లోపల చుట్టిన పట్టుదారం. రీలు అంటారట. మూత తీస్తే అడుగున రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దదైన పళ్ళ చక్రం, దాని పక్కనే చిన్న ఉక్కు నాలుక ఉన్నాయి. చేప దారం లాక్కుని పరిగెత్తితే ఆ నాలుక ఒక్కో పన్ను మీద పడుతూ లేస్తూ, కిర్రుమంటూ పరుగు ఆపుతుందన్నమాట. చక్రానికి ఇరవైనాలుగు పళ్ళు. అందులో వరసగా ఏడు విరిగిపోయాయి.

"వాలుగ చేప లాగింది ఆచారిగారూ. పళ్ళూడగొట్టుకుని, దారం తెంపుకుని పోయింది. ఈ కాలుతో నీళ్ళలో దిగి వల వెయ్యలేను. సత్రశాల కాడ ఏటి బండ మీద కూచుని ఈ రీలుతో పట్టిందే మాకు తిండి. జ్యేష్ఠంలో ఏటికి కొత్తనీరు దిగిద్ది. అప్పుడు మడుగులన్నీ కలిసిపోయి చేప చెదిరిపోయిద్ది. ఈలోపల పట్టుకున్నదే ఏడాది గింజలు."

"పేటలో గడియారాల ఫరీద్‌కి చూపించలేకపోయావా?" అన్నాడు మామగారు.

"చూపించా. కంటికి అద్దం బిగించుకుని చూసి, యుద్ధం అయ్యాక మద్రాసు నుంచి తెప్పిద్దామన్నాడు. యుద్ధం ఎప్పుడయిద్దని అడిగితే, నన్నడుగుతావేందయ్యా అని కసిరాడు."

మామగారు చక్రాన్ని వేళ్ళ మధ్య తిప్పాడు. ఒక్కో పన్నూ తడిమాడు. విరిగినచోట బొటనవేలు ఆగిపోయింది. ఆయన మొహంలో అంత కదలిక చూసి ఎన్నాళ్ళయిందో. తర్వాత దాన్ని తిరిగి గుడ్డలో పెట్టేశాడు.

"నాకు కనపడదు ఆరోగ్యం. తీసుకుపో."

తలుపు వెనక ఉన్న నేను అన్నాను: "ఉంచి పొమ్మనండి అత్తయ్యా."

అత్తగారు నన్నూ, ఆయన్నూ మార్చి మార్చి చూసింది. "ఉంచి పొమ్మంటంది."

"ఎవరు చేస్తారో అడుగు" అన్నాడు మామగారు.

"నేను మైనం చేస్తా. మావయ్య పోస్తాడు. మీరు తిత్తి ఊదండి."

"నేనెందుకే మధ్యలో!" అంది అత్తగారు. అది ఆమె సొంత మాట, చేరవేసింది కాదు.

"కుదిరితే ఏందంట?" అన్నాడు మామగారు.

"కుదిరితే పనిముట్లు పేటకు పోకూడదు" అన్నాను.

ఇది చెప్పడానికి అత్తగారికి కాస్త టైము పట్టింది. ఆరోగ్యస్వామి కళ్ళు నేలకేసి దించుకున్నాడు, ఇంటి గొడవలో ఇరుక్కున్నవాడిలా.

"ఈ చక్రం ఏట్లో చేప బరువు ఆపనీ. అప్పుడు చూద్దామని చెప్పు" అన్నాడు మామగారు.

మా ఇళ్ళలో మైనం పని ఆడవాళ్ళదే. ఏది పొయ్యాలన్నా ముందు దాన్ని మైనంతో చెయ్యాలి. దానిమీద పుట్టమన్నూ, పేడా, ఊకా కలిపి పూతలు పూసి ఆరబెట్టి, కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. అచ్చు విరగ్గొడితే వస్తువు బయటికొస్తుంది. మైనం నుంచి పూత దాకా మేం, కొలిమి ముందు మగవాళ్ళు. అక్కడ ఆడదాని పని తిత్తి ఊదడమే.

పాత చక్రాన్ని మెత్తటి మట్టిలో ఒత్తి, ఆ గుంటలో మైనం నింపాను. పదిహేడు పళ్ళు వచ్చాయి. మిగతా ఏడూ సూది కాల్చి చెక్కాను. చెంబు మీద లతలు చెక్కడం వేరు, ఇది వేరు. లత కాస్త వంకరపోతే అందం అంటారు. పన్ను వంకరపోతే చక్రం తిరగదు.

"ఇత్తడి ఆరితే ముడుచుకుపోతుంది, గింజ మందం ఎక్కువ పెట్టమని చెప్పు" అన్నాడు మామగారు.

"బియ్యపు గింజా, జొన్న గింజా?" అంది అత్తగారు.

"నువ్వు గింజే!"

మొదటిసారి పోసిన పొద్దు తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం ఏడుపొచ్చింది. వెలుతురు పూర్తిగా రాకముందే కొలిమి వెలిగించాం. ఇంట్లో ఉన్న విరుగు ముక్కలన్నీ మూసలో వేసి కరగబెట్టాం. ఇత్తడి పదునుకొచ్చిందని మంట రంగే చెబుతుంది. ఎర్ర మంటలో ఆకుపచ్చ నాలుకలు లేవాలి. మామగారికి రంగు కనపడదు. నేను చూసి అత్తగారికి చెప్పాలి, అత్తగారు ఆయనకు చెప్పాలి. ఆమె కొలిమికి అవతల, ఆయనకు ఎదురుగా కూర్చుని తిత్తి ఊదుతోంది.

"ఆకుపచ్చ తిరిగిందత్తయ్యా."

"ఏవండీ, ఆకుపచ్చంట."

మామగారు పటకారుతో మూస ఎత్తాడు. నలభై ఏళ్ళు చేసిన చేతులు. అచ్చు నోరు చిటికెనవేలంత, అది ఎక్కడుందో ఆయనకు కనపడాలి గదా.

"ఎటు?" అన్నాడు.

"కాస్త ఎడమకి" అన్నాను.

అత్తగారు ఆలోచించింది. ఆమె కూర్చున్న వైపు నుంచి అది కుడి. "కుడికంట!" అని అరిచింది.

ఆయన కుడికి జరిగాడు. సగం ఇత్తడి నేలపాలైంది. మట్టి చిటపటలాడి పొగ లేచింది. నేను ఎడమకి అని అరవడం, ఆమె నాతో పోట్లాడటం, ఆ పోట్లాట అయ్యేలోపల మూసలో మిగిలింది చిక్కబడటం. అచ్చు విరగ్గొడితే సగం చక్రానికి పళ్ళున్నాయి, సగం బోడి.

"నువ్వు ఎడమ అంటే ఎవరి ఎడమే?" అంది అత్తగారు.

"పోసేవాళ్ళ ఎడమ గదా అత్తయ్యా!"

"ముందే చెప్పి చావొద్దూ!"

మామగారు లేచి చేతులు కడుక్కున్నాడు. నేను మాత్రం ఆ మధ్యాహ్నమే మళ్ళీ మైనం తీసుకున్నాను. ఆ ఎండకు మైనం వేళ్ళకంటుకుని కరిగిపోయేది. తడిగోనె మీద నీళ్ళ గిన్నె పెట్టుకుని, ఒక పన్ను చెక్కడం, నీళ్ళలో ముంచడం, ఇంకో పన్ను. మెడ పట్టేసింది. ఇరవైనాలుగూ అయ్యేదాకా లేవకూడదనుకున్నాను, లేవలేదు.

రెండోసారి అత్తగారికి ముందే తర్ఫీదిచ్చాను. "నేనేదంటే అదే అనండి. ఆలోచించొద్దు."

"నాకు ఆలోచన లేదనా నీ ఉద్దేశం?" అని అలిగింది గానీ, ఆ పూట చెప్పింది చెప్పినట్టే పలికింది. అంత ఆలస్యం అవుతుందని తెలిసి నేనూ రెండు ఊపిరుల ముందే చెప్పడం మొదలుపెట్టాను. కుదిరింది. అచ్చు విరగ్గొట్టేసరికి ఇరవైనాలుగు పళ్ళూ నల్లగా, నిండుగా ఉన్నాయి. మామగారు వేలితో తడిమి "ఊఁ" అన్నాడు. ఆయన నోట ఊఁ అంటే పెద్ద మెప్పు.

అక్కడ తప్పు చేసింది నేను. కంచరి ఇంట్లో నల్లటి ఇత్తడి గడప దాటదు. దాటితే మా అమ్మకే అవమానం. చింతపండూ, ఇటిక పొడీ తీసుకుని గడప మీద కూర్చుని రెండు ఘడియలు తోమాను. పన్ను పన్ను సందులో కొబ్బరిపీచు దూర్చి మరీ తోమాను. బంగారంలా తయారైంది. ఆరోగ్యస్వామిని పిలిపించి రీల్లో బిగించాం. ఆయన దారం కొస గుంజకు కట్టి వెనక్కి లాగాడు.

కిర్రు అనలేదు. నాలుక పళ్ళ మీద నుంచి జర్రున జారిపోయింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ జారింది.

మామగారు చక్రం ఇప్పించుకుని బొటనవేలితో చుట్టూ రాశాడు. అంచులన్నీ గుండ్రమైపోయాయి. నాలుక పట్టుకోవడానికి మొన అంటూ మిగల్లేదు.

"దీన్ని తోమింది ఎవరు?" అన్నాడు.

అత్తగారు నన్ను చూసింది. నేను తల దించుకున్నాను.

"పెళ్ళికూతుర్ని చేసి పెట్టింది" అన్నాడు మామగారు. కాసేపాగి గోడకేసి తిరిగి, "నాకు కళ్ళుంటే నేనూ తోమేవాణ్ణేనని చెప్పు" అన్నాడు.

అత్తగారు చెప్పింది. చెప్పకపోయినా విన్నాను గానీ, రెండోసారి వినడం బాగుంది.

అమావాస్య ఇంక ఆరు రోజులుంది. మూడో మైనం చక్రానికి నా వేళ్ళు వాటంతట అవే నడిచాయి. పన్ను ఒక పక్క నిటారుగా, ఇంకో పక్క వాలుగా ఉండాలని, నాలుక నిటారు పక్కనే పట్టుకుంటుందని అప్పటికి అర్థమైంది. మొదటి రెండుసార్లు చూసి దించానే తప్ప ఎందుకో తెలియలేదు. కానీ ఇత్తడి చాలదు. నేలపాలైంది నేలపాలే. పెట్టె తెరిచి, మాచర్లలో మా నాన్న పోసి నాకిచ్చిన చెంబు తీశాను. దాన్ని ముక్కలు చేయడానికి మామగారికే అందించాలి గదా. ఆయన సుత్తి ఒక్క దెబ్బ వేసి, ఆ మోత విని ఆగాడు.

"ఇది మనింటి పోత కాదు. ఎవరిదో అడుగు."

"పాతది, పనికిరానిదంట" అంది అత్తగారు, నేనేమీ చెప్పకుండానే.

ఆయన ఇంకో దెబ్బ వెయ్యడానికి కొంచెం సమయం తీసుకున్నాడు. వేశాక మాత్రం ఆపలేదు.

అమావాస్యకు రెండు రోజుల ముందు పొద్దున మూడోసారి కొలిమి వెలిగింది. ఇంట్లో ఇంకో చెంబు లేదు, ఇంకో వారమూ లేదు. మామగారు పటకారు పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అత్తగారు తిత్తి ఊదుతోంది. నేను ఆయనకు వెనకగా, ఎడమ ఎవరి ఎడమో తేడా రాని చోట నిలబడ్డాను. మంట ఎర్రగా ఉంది. ఎర్రగానే ఉంది. అంతలో తెల్లటి పొగ ఒక్క విసురున అత్తగారి మొహం మీదికి కొట్టింది. ఆమెకు దగ్గు తెర అందుకుంది. తిత్తి వదల్లేదు, మహాతల్లి, ఊదుతూనే ఉంది గానీ నోట మాట రావడం లేదు.

మంటలో ఆకుపచ్చ నాలుక లేచింది. ఒకటి, రెండు.

"ఏవే, రంగెట్టా ఉంది?" అన్నాడు మామగారు.

అత్తగారు దగ్గుతోంది. నేను అలవాటు కొద్దీ ఆమెకేసి తిరిగాను.

"రంగు చెప్పు లింగమ్మా" అన్నాడు, నా పేరు పెట్టి.

"తిరిగింది మావయ్యా. ఎత్తండి."

ఎత్తాడు.

"ఎడమకి. ఇంకొంచెం. ఆగండి. అదే నోరు. పొయ్యండి."

సన్నటి ధారగా, చుక్క బయట పడకుండా పోసింది పోసినట్టు లోపలికి దిగింది. అచ్చు నోటి దాకా నిండి ఎర్రగా నిలిచింది. మామగారు మూస పక్కన పెట్టి, పటకారు పెట్టి, తుండుతో మొహం తుడుచుకున్నాడు. అత్తగారు దగ్గు ఆపుకుని నీళ్ళు తాగింది.

"ఏమన్నాడు?" అని నన్నడిగింది.

"పోశాడు" అన్నాను.

ఆ చక్రాన్ని ఎవరూ తోమలేదు. నల్లగానే ఉంచాం. నడుమ నాలుగు పలకల బెజ్జం నేనే సన్న ఆకురాయితో సాపు చేశాను. రీల్లో బిగించి గుంజకు కట్టి లాగితే ఇల్లంతా కిర్రుమంది. ఆరోగ్యస్వామి మూడుసార్లు లాగాడు. "ఏసయ్యా" అన్నాడు. రీలు సంచీలో వేసుకుని ఆ సాయంత్రమే సత్రశాలకు నడిచాడు, ఆ కాలుతో.

"గుంజ పరిగెత్తదు గదా. చేప సంగతి చూడాలి" అన్నాడు మామగారు.

అమావాస్య. పని లేదు, పనిముట్టు తాకకూడదు. అంత పొడుగు పగలు నేను మళ్ళీ చూడలేదు. ఇల్లు రెండుసార్లు అలికాను. ఏటి దగ్గర ఏమవుతోందో చెప్పేవాళ్ళు లేరు. మామగారు అరుగు మీద కూర్చుని బొటనవేలు చూపుడువేలుకు రాసుకుంటూ ఉన్నాడు.

మర్నాడు పొద్దుటి రైలుకు బాబూరావు దిగాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో గోతం. మంచివాడే. నా చేతి మజ్జిగ తాగి, పెదనాన్న కాళ్ళకు దణ్ణం పెట్టి, పట్టాళం నుంచి ఉత్తరం ఏమన్నా వచ్చిందా వదినా అని అడిగి, అప్పుడు కొలిమి దగ్గరికి పోయాడు. పటకార్లు, సుత్తులు, ఆకురాళ్ళు, ఒక్కోటీ చూసుకుంటూ గోతంలో వేసుకుంటున్నాడు.

మామగారు వద్దనలేదు. నాకు ఒళ్ళు మండింది. నేరుగా వెళ్ళి అడిగేద్దామని గడప దాకా వచ్చాను. "మావయ్యా, చేప కబురు వచ్చేదాకా..."

"కబురు రాలేదు గదమ్మా" అన్నాడు మెల్లగా. "నిన్ననే రావాల్సింది."

బాబూరావు గోతం మూతి ముడివేశాడు. అప్పుడు వీధిలో కుక్కలు మొరిగాయి.

ఆరోగ్యస్వామి ఒక భుజాన గాలం, ఇంకో భుజాన వాలుగ వేసుకుని వస్తున్నాడు. దాని తోక ఆయన మోకాలికి కొట్టుకుంటోంది. వెనక వీధి వీధంతా వస్తోంది. తిన్నగా మా వాకిట్లోకే వచ్చేశాడు.

"ఒరేయ్ ఒరేయ్, ఆగరా! నీచు ముట్టని ఇంటికి చేప తెస్తావేందయ్యా!" అని అత్తగారు చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని అరిచింది.

"తినడానికి కాదమ్మా, చూపిచ్చడానికి!" అన్నాడు ఆరోగ్యస్వామి. నవ్వుతున్నాడు, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. "నిన్న పొద్దుగూకే వేళ పడింది ఆచారిగారూ. మూడుసార్లు ఏటి నడుమకు పరిగెత్తింది. మూడుసార్లూ పన్ను పన్నూ పట్టి ఆపింది. దీన్ని మోసుకుని ఈ కాలుతో రావడానికే ఇంతసేపు!"

మామగారు లేచి నిలబడ్డాడు. చేప వైపు చూడలేదు. "రీలు" అని చెయ్యి చాపాడు. ఆరోగ్యస్వామి విప్పి ఇస్తే ఆ చేతిని అట్లాగే, నేను నిలబడ్డ వైపుకు తిప్పాడు.

"పళ్ళు చూడు లింగమ్మా."

బాబూరావు నోరు తెరుచుకుని ఇద్దర్నీ చూస్తున్నాడు. నేను మూత తీసి, గోరు పెట్టి ఒక్కో పన్నూ లెక్కపెట్టాను.

"ఇరవైనాలుగూ ఉన్నాయి మావయ్యా. ఒకదానికి మాత్రం అంచు కొంచెం వంగింది."

"ఇప్పుడే రాసేస్తే సరిపోతుందా?"

"సరిపోతుంది."

"ఒరేయ్ బాబూరావూ, సన్న ఆకురాయి ఇటియ్యి. మీ వదినకు కావాలి."

బాబూరావు గోతం ముడి విప్పి, మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికాడు. "అన్నిటికన్నా అడుగున పడింది పెదనాన్నా."

"అయితే మొత్తం కుమ్మరించు" అన్నాడు మామగారు.